ఒంట్లో కాపలా, ఒంట్లో నిప్పు



ఈ రాత్రి పాఠం పుస్తకంలోది కాదు. ఒక ఉత్తరంలోది.

మన ఊరి అమ్మాయి ఒకామె ఎమ్మెస్సీ పూర్తి చేసిందని మీకందరికీ తెలుసు. ఆమెకు హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిగా చోటు వచ్చింది. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. వాళ్ళమ్మ మన రాత్రి బడికే వస్తారు. ఇంగ్లీషు రాదు గాని, అంకెలు వచ్చు. 37,000 అన్న అంకెను తనే చదివారు. చదివి నన్ను అడిగారు: "టీచరమ్మా, ఇది ఉద్యోగమా, సదువా? అక్కడ దాని సేత ఏ పని సేయిస్తారు?"

అడగవలసిన మాటే అడిగారు. ఊళ్ళో మాత్రం తలా ఒక జవాబు చెబుతున్నారు. రక్తపరీక్షల ల్యాబులో పని అని ఒకరు. ఎలుకలను కోసే పని అని ఒకరు. పెళ్ళీడు దాటుతున్న పిల్లకు ఇంకా చదువేమిటి అని మరొకరు. తెలియని పని గురించి ఇన్ని మాటలు ఎందుకు? ముందు ఆ పని ఏమిటో తెలుసుకుందాం. ఆ తరువాత ఎవరి అభిప్రాయం వారిది.

ఉత్తరంలో ఆ పనికి ఒక పేరు రాశారు. తెలుగులో చెప్పాలంటే: ఆక్సీకరణ ఒత్తిడికి రోగనిరోధక వ్యవస్థ స్పందన. పేరు వింటే భయం వేస్తుంది. విడదీసి చూస్తే అందులో మనకు తెలియనిది చాలా తక్కువ.

కొడవలిని వానలో వదిలేస్తే ఏమవుతుంది? తుప్పు పడుతుంది. వంకాయ కోసి అలాగే ఉంచితే? నల్లబడుతుంది. అందుకే కదా కోసిన ముక్కను వెంటనే ఉప్పు నీళ్ళలో వేస్తాం! నూనె చాలాకాలం ఉంటే వాసన మారిపోతుంది. ఇవన్నీ గాలి చేసే పనులే. గాలిలో ప్రాణవాయువు ఉంది. దాన్నే ఆక్సిజన్ అంటారు. అది ఇనుమును తాకితే తుప్పు, వంకాయను తాకితే నలుపు, ఎండుకట్టెకు నిప్పుతో కలిస్తే మంట. ఇలా ప్రాణవాయువు ఒక వస్తువుతో కలిసి దాన్ని మార్చడాన్ని ఆక్సీకరణ అంటారు.

ఆ ప్రాణవాయువు లేకపోతే మనం కొన్ని నిమిషాలు కూడా బతకలేం. మనం తిన్న అన్నం ఒంట్లో ఆ గాలితోనే మెల్లగా మండుతుంది. మంట కనబడదు, పొగ రాదు. శక్తి మాత్రం వస్తుంది. ఒళ్ళు వెచ్చగా ఉండేది అందుకే. పొయ్యి ఎంత బాగా మండినా ఒకటీ అరా నిప్పురవ్వ ఎగురుతుంది కదా. ఒంట్లోనూ అంతే. అన్నం మండేటప్పుడు కొన్ని రవ్వలు ఎగురుతాయి. అవి కంటికి కనబడేవి కావు. ప్రాణవాయువే కొంచెం మారి, తగిలిన దానినల్లా కొరికేలా తయారవుతుంది. వాటినే నేను రవ్వలు అంటున్నాను.

రవ్వలు కొన్నే ఉంటే ఒళ్ళే ఆర్పేస్తుంది. ఆర్పగలిగిన దానికంటే రవ్వలు ఎక్కువైతే? దాని పేరే ఆక్సీకరణ ఒత్తిడి. ఇక్కడ ఒత్తిడి అంటే మనసులో పడే బాధ కాదు. అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే వచ్చే ఒత్తిడి వేరు, ఇది వేరు. వడ్డెర అన్నలకు తెలుసు, కావడికి ఎంత బరువు పెట్టాలో. అంతకు మించితే కావడిబద్ద వంగుతుంది. అలాంటి ఒత్తిడి ఇది.

ఇక రెండో మాట, రోగనిరోధక వ్యవస్థ. అంటే ఒంటి కాపలా.

కాలిలో ముల్లు విరిగి ఉండిపోయిందనుకోండి. మర్నాటికి ఎర్రబడుతుంది, వాస్తుంది, సలుపుతుంది. రెండు రోజులకు చీము పడుతుంది. చీము అంటే కుళ్ళు అనుకుంటాం. నిజానికి అందులో ఎక్కువ భాగం మన కాపలావాళ్ళ శవాలు! ముల్లుతోపాటు లోపలికి వచ్చిన సూక్ష్మజీవులతో కొట్లాడి చచ్చిన తెల్ల రక్తకణాలు అవి.

ఈ సంగతి మొదట పట్టుకున్నాయన రష్యా సామ్రాజ్యంలో పుట్టిన మెచ్నికోవ్. 1882లో ఆయన ఇటలీ దగ్గర సిసిలీ దీవిలో మెస్సీనా అనే ఊళ్ళో ఉన్నాడు. ఒకరోజు ఇంట్లోవాళ్ళందరూ సర్కస్ చూడటానికి వెళ్ళారు. ఆయన ఒక్కడే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. నక్షత్రం ఆకారంలో ఉండే ఒక సముద్రజీవి పిల్లలను చూస్తున్నాడు. ఆ పిల్లలు అద్దంలా ఉంటాయి, లోపల జరిగేదంతా కనబడుతుంది. వాటిలో కొన్ని కణాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఇవి కాపలావాళ్ళేమో అని ఆయనకు తోచింది. పెరట్లో ఉన్న చెట్టు ముల్లు తెచ్చి పిల్లజీవి ఒంట్లో గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చూస్తే, ముల్లు చుట్టూ ఆ కణాలు మూగి ఉన్నాయి. మన కాలి ముల్లు కథే! 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పాల్ ఎర్లిష్ అనే మరో శాస్త్రవేత్తతో కలిపి ఇచ్చారు.

మన రక్తంలో ఈ తెల్ల కణాలు ఎన్ని ఉంటాయి? ఆవగింజ కంటే చిన్న బొట్టులో, అంటే ఒక ఘన మిల్లీమీటరులో, 4,000 నుంచి 11,000 దాకా ఉంటాయి. వాటిలో ముందు వరసలో ఉండి కొట్లాడే రకం ఒకటుంది. ఆ రకాన్ని మన ఎముకల మూలుగ రోజుకు దాదాపు పది వేల కోట్లు తయారు చేస్తుంది. ఎక్కువ రోజులు బతకవు. పుట్టడం, కాపలా తిరగడం, చావడం. అంతే వాటి బతుకు.

అవి సూక్ష్మజీవిని మింగుతాయి. సరే, మింగితే చస్తుందా? చావాలంటే లోపల ఏదో ఉండాలి. ఆ ఏదో ఏమిటి?

1933లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక విచిత్రం రాశారు. తెల్ల కణాలు సూక్ష్మజీవులను మింగేటప్పుడు ప్రాణవాయువును మామూలు కంటే చాలా ఎక్కువగా వాడుకుంటున్నాయట. కష్టపడుతున్నాయి కనుక ఊపిరి ఎక్కువ కావాలి, బస్తా మోసేవాడికి ఆయాసం వచ్చినట్టు, అనుకున్నారు. అది కాదని తరువాత తేలింది. ఆ గాలిని అవి ఆయుధం చేసుకుంటున్నాయి! ప్రాణవాయువును రవ్వగా మార్చి, మింగిన సూక్ష్మజీవి మీద పోస్తున్నాయి. 1973లో అమెరికాలో బేబియర్ అనే ఆయన, ఆయన తోటివారు తెల్ల కణాలు ఈ రవ్వలను చేస్తాయని కొలిచి చూపించారు.

ఆ రవ్వ అక్కడితో ఆగదు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. ఆ పేరు ఎక్కడ విన్నారు? పుండు కడగడానికి కాంపౌండరు పోసే నీళ్ళమందు, పోయగానే బుసబుస నురగ వస్తుంది, అదే. ఆ నురగ ఎందుకు వస్తుందో తరువాత చెబుతాను. హైడ్రోజన్ పెరాక్సైడ్, మన ఒంట్లోని ఉప్పు కలిసి ఇంకో ఘాటైన మందు తయారవుతుంది. అది ఏమిటో తెలిస్తే ఆశ్చర్యపోతారు. మన పంచాయతీవాళ్ళు బావిలో బ్లీచింగ్ పొడి వేస్తారు కదా. ఆ పొడి నీళ్ళలో కలిసినప్పుడు ఏ మందు పుట్టి క్రిములను చంపుతుందో, అదే మందును మన తెల్ల కణం తన కడుపులో తయారు చేసుకుంటుంది. పంచాయతీ తీర్మానం అక్కరలేదు, బిల్లు అక్కరలేదు!

ఇది లేకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఈ రవ్వలు చేయలేని తెల్ల కణాలతో పుడతారు. దాదాపు రెండు లక్షల పుట్టుకల్లో ఒకరు. ఎక్కువ మంది మగపిల్లలు. వాళ్ళకు తెల్ల కణాలు ఉంటాయి, సూక్ష్మజీవులను మింగుతాయి కూడా. కొన్ని రకాల క్రిములను మాత్రం చంపలేవు. ఆ పిల్లలకు మాటిమాటికీ చీముగడ్డలు, ఊపిరితిత్తుల జబ్బులు. ఈ జబ్బును 1950లలో గుర్తించారు. కాపలావాడి చేతిలో నిప్పు లేకపోతే ఇల్లు దోపిడీ అవుతుందన్నమాట.

మరి నిప్పు ఎక్కువైతే? కాపలావాడు దివిటీ పట్టుకుని ఇంట్లోనే పరుగెత్తితే చూరు అంటుకోదూ? అదే జరుగుతుంది. తెల్ల కణాలు చిమ్మే రవ్వలు సూక్ష్మజీవి ఏది, మన ఒళ్ళు ఏది అని చూడవు. తగిలిన దానిని కాలుస్తాయి.

ఇక్కడ మన ఊరి సంగతి చెప్పాలి. పొగాకు పొగలోనే లెక్కకు అందనన్ని రవ్వలు ఉంటాయి. కట్టెల పొయ్యి పొగ కూడా తక్కువేమీ కాదు. ఆ పొగ రోజూ ఊపిరితిత్తుల్లోకి పోతుంటే, ఏదో శత్రువు వచ్చాడని తెల్ల కణాలు అక్కడికి మూగుతాయి. పొగను మింగి చంపడం కుదరదు కదా. అయినా అవి తమ నిప్పును చిమ్ముతూనే ఉంటాయి. పొగ తెచ్చిన రవ్వలు కొన్ని, కాపలావాళ్ళు చిమ్మినవి కొన్ని. మధ్యలో మెత్తటి ఊపిరితిత్తి. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే దాని సాగే గుణం పోతుంది. మెట్లు ఎక్కితే ఆయాసం, చలికాలం వస్తే దగ్గు. చుట్ట ముట్టని ఆడవాళ్ళకు కూడా ఈ జబ్బు ఎందుకు వస్తుంది అంటే, చాలామందికి ఆ పొయ్యి పొగే కారణం. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి ఇళ్ళల్లోకి గ్యాసు వచ్చింది. బండ ఖరీదుకు జడిసి ఇప్పటికీ సగం వంట కట్టెల మీదే చేసేవాళ్ళు ఇక్కడ ఉన్నారు. చేతులెత్తమని అడగను లెండి.

అడ్డపొగ సంగతి అయితే వేరే చెప్పాలా! మన శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో ఆడవాళ్ళు చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. గాలికి ఆరిపోదని ఒకరు, పని చేసుకుంటూ తాగొచ్చని ఒకరు చెబుతారు. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తున్నదని 1957లోనే డాక్టర్లు రాశారు. ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. అంగిలి తెల్లబడినా, మానని పుండు ఉన్నా, కారం తగిలితే మంట పుట్టినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చూపించుకోండి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు.

ఇప్పుడు ఉత్తరంలోని మాట మళ్ళీ చదువుదాం. ఆక్సీకరణ ఒత్తిడికి రోగనిరోధక వ్యవస్థ స్పందన. అంటే, ఒంట్లో రవ్వలు ఎక్కువైనప్పుడు కాపలావాళ్ళు ఎలా నడుచుకుంటారు? చురుకవుతారా, అలిసిపోతారా, అదుపు తప్పుతారా? ఎంత పొగకు ఎంత? ఎన్నాళ్ళకు? ఆ అమ్మాయి చేయబోయే పని దీన్ని కొలవడం.

ఎలా కొలుస్తారు? అందరి పద్ధతీ ఒకటే కాదు. సులువుగా అర్థమయ్యే పద్ధతి ఒకటి చెబుతాను.

ఉదయం ఒకరి దగ్గర కొంచెం రక్తం తీస్తారు. దాన్ని గిర్రున తిప్పే యంత్రంలో పెడతారు. మజ్జిగ చిలికితే వెన్న వేరుపడినట్టు, రక్తంలో ఎర్రవి, తెల్లవి, నీరు వేరు వేరు పొరలుగా విడిపోతాయి. తెల్ల కణాలను తీసి కడుగుతారు. గళ్ళు గీసిన గాజుపలక మీద ఒక చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో చూసి, గడికి ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. గళ్ళ నోటు పుస్తకంలో మీరు అంకెలు వేసినట్టే! తరువాత ఎన్.బి.టి. అనే పసుపు రంగు మందు కలుపుతారు. ఒంటి వేడి ఎంతో అంతే వేడిలో, అంటే 37 డిగ్రీల దగ్గర, కాసేపు ఉంచుతారు. కణం రవ్వలు చిమ్మితే ఆ పసుపు కాస్తా ముదురు నీలం అవుతుంది. చిమ్మకపోతే పసుపుగానే ఉంటుంది. ఇందాక చెప్పిన జబ్బు పిల్లల కణాలు నీలం కావు. ఎంత నీలం అయిందో యంత్రం అంకెల్లో చెబుతుంది. కొత్త పద్ధతుల్లో అయితే కణాలు మెరుస్తాయి, ఒక్కో కణం మెరుపునూ యంత్రం లెక్కపెడుతుంది.

ఒక్కసారి చేస్తే చాలదు. అదే పని మూడుసార్లు, మర్నాడు మళ్ళీ, ఇంకొకరి రక్తంతో మళ్ళీ. చుట్ట తాగేవాళ్ళ కణాలు, తాగనివాళ్ళ కణాలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఏమీ కలపని గొట్టం కూడా ఒకటి పెట్టాలి, పోల్చుకోవడానికి. ప్రతి అంకెనూ తేదీతో సహా నోటు పుస్తకంలో రాయాలి. అనుకున్నట్టు రాని అంకెను కొట్టేయకూడదు. అదీ రాయాలి. నా దృష్టిలో ఆ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

ఎలుకల సంగతి అడిగారు. కొన్ని ప్రయోగశాలల్లో ఎలుకల మీద కూడా పరీక్షలు చేస్తారు. దానికి కమిటీ అనుమతి ఉండాలి, ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్నది ముందే రాసి ఇవ్వాలి. ఈ అమ్మాయి పని రక్తకణాలతోనని ఉత్తరంలో ఉంది.

మనుషుల రక్తం తీసుకోవాలన్నా ఊరికే తీసుకోరు. అంగీకార పత్రం అని ఒక కాగితం ఇస్తారు. అది మనకు తెలిసిన భాషలో ఉండాలి. ఎందుకు తీసుకుంటున్నారు, ఎంత తీసుకుంటారు, దానివల్ల ఇబ్బంది ఏమిటి, పేరు బయటపెడతారా లేదా, అన్నీ అందులో ఉండాలి. వద్దనే హక్కు మనకు ఉంది. ఒప్పుకుని మధ్యలో మానుకునే హక్కు కూడా ఉంది. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించి, సంబంధం లేని ఒక సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. రేపు మన ఊరికే ఎవరైనా పరిశోధన అని రక్తం అడగడానికి రావచ్చు. అప్పుడు వేలు చాపకండి, కాగితం అడగండి. చదవండి. ఒక ప్రతి మీ దగ్గర పెట్టుకోండి.

విద్యార్థి అంటే పెద్ద శాస్త్రవేత్త చెప్పింది చేసే కూలీ అని కొందరి అనుమానం. ఒక నిజమైన సంగతి చెబుతాను వినండి.

అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ 1960లలో జో మెక్‌కార్డ్ అనే పరిశోధక విద్యార్థి ఉండేవాడు. ఆయన గురువు ఇర్విన్ ఫ్రిడోవిచ్. పాలల్లో ఉండే ఒక పదార్థం పని చేసేటప్పుడు రవ్వలు పుడతాయి, ఆ రవ్వలు ఇంకో పదార్థం రంగును మారుస్తాయి. ఇది వాళ్ళు చూస్తున్న ప్రయోగం. అందులో ఎద్దు రక్తం నుంచి తీసిన ఒక పొడిని వేస్తే రంగు మారడం ఆగిపోతున్నది. ఆ పొడికే ఈ గుణం ఉందేమో అనుకోవచ్చు. తరచి తరచి చూస్తే తేలిందేమిటంటే, ఆ గుణం పొడిది కాదు. పొడిలో కొంచెంగా కలిసిపోయి ఉన్న వేరే పదార్థానిది! బియ్యంలో మెరిక లాంటిదన్నమాట. ఇంకొకరైతే మెరికను ఏరి పారేసేవారు. ఈ విద్యార్థి ఆ మెరికనే పట్టుకున్నాడు. శుద్ధి చేసి చూస్తే అది రాగి కలిసిన ఒక మాంసకృత్తు. ఇంగ్లండులో 1938లోనే దాన్ని ఎద్దు రక్తం నుంచి వేరు చేసి పెట్టారు. ముప్పై ఏళ్ళుగా అది ఏం పని చేస్తుందో ఎవరికీ తెలియదు. దాని పని రవ్వలను ఆర్పడం అని ఆ గురుశిష్యులు 1969లో ప్రకటించారు. ఒంట్లో నిప్పు ఆర్పే ఏర్పాటు ఉందని అప్పుడు తెలిసింది.

దానికి తోడు ఇంకో పదార్థం ఉంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీరుగా, ప్రాణవాయువుగా విడగొడుతుంది. పుండు మీద మందు పోస్తే వచ్చే నురగ ఇదే. ఆ బుడగల్లో ఉన్నది ప్రాణవాయువు.

ఇక మన జేబుకు సంబంధించిన సంగతి. రవ్వలను ఆర్పే మాత్రలు, ఆర్పే పొడులు, ఆర్పే టానిక్కులు అని డబ్బాల మీద రాసి అమ్ముతున్నారు. ఆంటీ ఆక్సిడెంట్ అనే పేరుతో. వినడానికి సబబుగానే ఉంటుంది. రవ్వలు చెడ్డవి, ఆర్పే మందు మంచిది, ఎంత మింగితే అంత మంచిది అనిపిస్తుంది.

ఫిన్లాండు అనే దేశంలో దీన్ని పరీక్షించి చూశారు. కూరగాయలు, పళ్ళు బాగా తినేవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనబడుతున్నదని అంతకు ముందే గమనించారు. వాటిలో ఉండే బీటా కెరోటిన్ అనే రంగు పదార్థం కారణమేమో అనుకున్నారు. క్యారెట్‌లో, మునగాకులో ఉండేది అదే. సిగరెట్లు తాగే 29,133 మంది మగవాళ్ళను తీసుకున్నారు. కొందరికి ఆ మాత్ర, కొందరికి మరో మాత్ర, కొందరికి ఉత్త మాత్ర. అయిదు నుంచి ఎనిమిదేళ్ళ పాటు ఇచ్చారు. ఫలితం 1994లో వచ్చింది. బీటా కెరోటిన్ మింగినవాళ్ళకు క్యాన్సర్ తగ్గలేదు. మింగనివాళ్ళ కంటే 18 శాతం ఎక్కువ వచ్చింది! అమెరికాలో ఇలాంటిదే ఇంకో పరీక్ష జరుగుతూ ఉంది. అక్కడా ఇదే కనబడటంతో 1996లో మధ్యలోనే ఆపేశారు.

చూశారా? అందరికీ సబబుగా తోచిన మాట, కొలిచి చూస్తే తిరగబడింది. మునగాకు కూర మానేయమని దీని అర్థం కాదు. తినండి, పిల్లలకూ పెట్టండి. కూరలో ఉండేది వేరు, మాత్రగా చేసి కుప్పపోసి మింగేది వేరు. చుట్ట తాగుతూ బలం మాత్రలు మింగితే సరిపోతుందనుకోవడం మాత్రం వట్టి భ్రమ. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు, విటమిన్ మాత్రలు మానవద్దు, అవి లోటు పూడ్చడానికి ఇచ్చినవి. సంతలో, బస్సులో, బంధువుల గొలుసుకట్టు వ్యాపారంలో అంటగట్టే వేల రూపాయల డబ్బాల గురించే నేను మాట్లాడుతున్నాను. ఈ ఊళ్ళో పొదుపు సంఘం అప్పు తెచ్చి మరీ అవి కొన్నవాళ్ళున్నారు.

ఎంత నిప్పు ఉండాలి, ఎక్కడ ఉండాలి, ఎప్పుడు ఆరాలి. ఇది ఒక్క రోజులో తేలే లెక్క కాదు. అందుకే గళ్ళ పలక మీద కణాలు లెక్కపెట్టే పిల్లలు కావాలి.

ఇప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్నకు వస్తాను. ఉద్యోగమా, చదువా?

రెండూ కొంచెం కొంచెం. పేరుకు విద్యార్థి. చివరికి పిహెచ్.డి. పట్టా వస్తుంది. కానీ ఫీజు కట్టి కూర్చునే చదువు కాదు. నెలనెలా డబ్బు వస్తుంది. దాన్ని ఫెలోషిప్ అంటారు. నెట్ అనే జాతీయ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకున్నవాళ్ళకు జె.ఆర్.ఎఫ్. ఇస్తారు. 2023 జనవరి నుంచి అది నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ళ తరువాత పని బాగుంటే 42,000. మొత్తం అయిదేళ్ళ దాకా. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటి అద్దె భత్యం వేరే ఉంటుంది. ఆ పరీక్షకు ఎమ్మెస్సీలో 55 శాతం మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 50 శాతం చాలు.

మంచి మాటలే చెబితే మోసం చేసినట్టు. ఇది పర్మనెంటు ఉద్యోగం కాదు. అయిదేళ్ళ తరువాత మళ్ళీ వెతుక్కోవాలి. కొన్ని చోట్ల డబ్బు నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది, చేరిన కొత్తలో చేతిలో కొంత ఉండాలి. గురువు మంచివాడైతే ఆ అయిదేళ్ళు బంగారం, కాకపోతే నరకం. కాబట్టి అదే గురువు దగ్గర ఇప్పుడు చదువుతున్న పిల్లలతో ముందుగా మాట్లాడాలి, ముఖ్యంగా ఆడపిల్లలతో. పని చేసే చోట ఆడవాళ్ళను వేధిస్తే ఫిర్యాదు చేయడానికి ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీలో ఎవరున్నారో చేరిన రోజే రాసుకోవాలి.

పెళ్ళి సంగతి నేను చెప్పేది కాదు, ఆ ఇంటివాళ్ళది. ముఖ్యంగా ఆ అమ్మాయిది. ఒక్కటే అంటాను. పరిశోధన చేసేవాళ్ళకు పెళ్ళి చేసుకోకూడదన్న నియమం ఏదీ లేదు. సంబంధం తెచ్చేవాళ్ళతో చెప్పవలసింది, పిల్లకు ఇంకా అయిదేళ్ళ పని ఉందని. విని వెనక్కు తగ్గేవాళ్ళు తగ్గుతారు. ముందే తెలియడం మేలు కదా.

మీ ఇళ్ళల్లో ఇంకా చిన్నపిల్లలున్నారు. పదో తరగతి అవగానే బైపీసీ అంటే డాక్టరు సీటు కోసమే అనుకుంటున్నాం. సీటు రాకపోతే అంతా పోయిందని ఏడుస్తున్నాం. బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివి ఇలా వెళ్ళే దారి ఒకటి ఉంది. డిగ్రీ చదివే పిల్లలు వేసవిలో రెండు నెలలు ప్రయోగశాలలో పనిచేసి చూడటానికి, బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు అకాడమీలు కలిసి ఫెలోషిప్పులు ఇస్తూ వచ్చాయి. కాలేజీలో లెక్చరర్లను అడిగితే దరఖాస్తు సంగతి చెబుతారు.

ప్రయోగశాల ఎలా ఉంటుందో మనం చూడొచ్చా అని ఆ తల్లి అడిగారు. చూడొచ్చు. హైదరాబాద్ హబ్సిగూడలో సి.సి.ఎం.బి. అని ఉంది. జీవకణాల మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1977లో మొదలైంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇలాంటి సంస్థలు కొన్ని ఏడాదిలో ఒకటి రెండు రోజులు మామూలు జనానికి తలుపులు తెరుస్తాయి. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినం, సెప్టెంబరు 26 సి.ఎస్.ఐ.ఆర్. స్థాపన దినం, ఆ దరిదాపుల్లో. ఏ రోజు అన్నది ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. రైల్లో ఒక రాత్రి ప్రయాణం. వచ్చేవాళ్ళు శనివారం లోపల ఈ నోటు పుస్తకంలో పేరు రాయండి. మీ పేరు మీరే రాయాలి, ఇంకొకరి చేత రాయించకూడదు. పేరు పక్కన వయసు, ఆధార్ నంబరు వేయండి, టికెట్లకు కావాలి.